ఒక్కసారి ఎత్తిన మూల

మా తోటికోడలు పేయున్ కుట్టిన బొంత కింద పడుకోకుండా పెరిగిన పిల్ల మా వీధిలో లేదు. నా కొడుకు పడుకున్నాడు, ఎదురింటి కవలలు పడుకున్నారు. కోళ్లు పెంచే లియూ వాళ్లతో ఒక పుంజు గురించి జగడమై ఆమెకు ఐదారేళ్లుగా మాటల్లేవు. అయినా కిందటి చలికాలం వాళ్ల కోడలికి నెలలు నిండేసరికి ఆ అత్త సిగ్గు విడిచి దూది మూట తెచ్చి మా గుమ్మంలో పెట్టిపోయింది. పేయున్ బొంత కుట్టింది, వాళ్ల గుమ్మంలో పెట్టి వచ్చింది, నోరు మాత్రం విప్పలేదు. ఆమె తీరే అంత. మనిషితో కోపం వేరు, చలితో పగ వేరు.

నేను ఆ ఇంటికి చిన్నకోడలిగా వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. బయట ముక్కు ఊడి కింద పడేంత చలి. లోపల దూలానికి తాళ్లతో వేలాడదీసిన చెక్క ఊయల, అందులో ఆమె కూతురు హైయెన్. ఉందని చెప్పారు కాబట్టి ఉందనుకున్నాను. నాకు కనబడింది మాత్రం బొంతలే.

"పిల్లేదక్కా?" అన్నాను.

"లోపలుంది. చూడాలనుంటే ఎండాకాలం రా," అంది.

పరాచికమనుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు. అప్పుడు చూశాను, బొంత పై మూలకు ఒక గుడ్డ గుండీ ఉంది. పిల్లను చుట్టాక మూల మడిచి ఆ గుండీ కాజాలో దూరిస్తే, ఇక వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఊరికే ఎత్తి చూడలేరు. బొంతలు కుట్టేవాళ్లు మా వైపు బోలెడంతమంది. గుండీ పెట్టేది మాత్రం పేయున్ ఒక్కతే.

ఆ గుండీ వెనక ఒక కథ ఉంది. బొంత ఇచ్చిన ప్రతి బాలింతకూ ఆమె అది చెప్పేది. నేనే ఎన్నిసార్లు విన్నానో. కొత్తగా వినేవాళ్లు ఏడ్చేవాళ్లు, పాతవాళ్లం తెలిసీ ఏడ్చేవాళ్లం.

హైయెన్ కంటే ముందు పేయున్‌కు ఒక ఆడపిల్ల పుట్టింది. మా వైపు పిల్ల పుట్టాక నెల నిండేదాకా తల్లి గడప దాటదు. నెల నిండగానే తల్లినీ పిల్లనూ తల్లి పుట్టింటికి తీసుకుపోవాలి. గూడు మార్చడం అంటాం దాన్ని. ఎంత చలి అయినా, ఎంత మంచు పడినా తప్పదు, మార్చకపోతే పిల్లకు కలిసిరాదంటారు. అది నడిచలికాలం. మా అత్తగారు పిల్లను తన చేతులతో సిద్ధం చేసింది. ముందు మెత్తటి గుడ్డ, చేతులు కదలకుండా దాని మీద పట్టీ, తర్వాత ఒక దూది బొంత, దాని మీద ఇంకొకటి, అన్నిటి మీదా మా బావగారి గొర్రెతోలు కోటు, చుట్టూ ఎర్రతాడు. ముఖం మీద కూడా మడత వేసింది.

"పుట్టింటి గడప దాటేదాకా విప్పావంటే చూడు," అని పేయున్‌కు మరీ మరీ చెప్పింది.

గుర్రబ్బండి మీద బయల్దేరారు. బావగారు పగ్గాలు పట్టుకున్నాడు, ఆమె వెనక గడ్డిలో పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నెల తర్వాత మొదటిసారి ఆకాశం చూసింది. ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్ల, అమ్మను చూడబోతున్నానన్న సంతోషం, ఒళ్లో బిడ్డ. గడ్డకట్టిన ఏరు దాటుతుంటే మనసాగలేదు. పిల్ల ముఖం ఒక్కసారి చూసుకుందామని బొంత మూల ఎత్తింది.

"మూయవే! గాలి!" అని బావగారు ముందునుంచి అరిచాడు. మూసేసింది.

పుట్టింట్లో, కిందనుంచి పొయ్యి వేడి పాకే ఇటుక అరుగు మీద మూట దించి, వాళ్లమ్మ ఎర్రతాడు విప్పింది. కుడుముల పాత్ర మూత తీసినట్టు గుప్పున ఆవిరి వచ్చింది. పిల్ల జుట్టంతా తడిసి ఉంది. కదల్లేదు.

వెనక్కి వచ్చాక మా అత్తగారు ఒకే ఒక్క మాట అడిగింది. "విప్పావా?"

"ఒక్కసారి. మూల మాత్రమే అత్తయ్యా."

"ఆఁ. అదే. గాలి దూరింది."

అంతే. తీర్పు అయిపోయింది. నెల పిల్లకు మా వైపు సమాధి కట్టరు. మామగారు గడ్డిలో చుట్టి కొండవాలు మీదికి తీసుకెళ్లి వచ్చాడు, ఎక్కడో ఎవరికీ చెప్పలేదు. బొంతలు మాత్రం వెనక్కి వచ్చాయి. దూదికి కరువు రోజులు, ఎవరం పారేస్తాం? వాటిలో ఒకటి విప్పి దూది ఏకి కుట్టిన బొంతలోనే నా కొడుకు పెరిగాడు.

పేయున్ ఆ కథ చెప్పినప్పుడల్లా చివర ఒకటే మాట అనేది. "ఎంత వెచ్చగా చుట్టామో తెలుసా? విప్పితే ఆవిరొచ్చింది! అంత వెచ్చదనాన్నీ నేను ఒంటిచేత్తో పాడుచేశాను. మీరు నాలా చెయ్యకండి, గుండీ తియ్యకండి." అని బాలింత చేతికి బొంత ఇచ్చేది. వాళ్లు కళ్లు తుడుచుకుని, ఇంటికెళ్లి గుండీ పెట్టేవాళ్లు. నేనూ పెట్టాను.

ఇన్నేళ్లు విన్నాం కదా, ఆ ఆవిరి ఏమిటని మాలో ఒక్కరికీ తోచలేదు. చలికి పోయిన పిల్ల ఒంట్లోంచి ఆవిరెలా వస్తుందని ఒక్క నోరూ అడగలేదు. మా అందరి ఇళ్లలో పిల్లలు ఎలా బతికారంటే, ఇళ్లు అంత చల్లగా ఉండబట్టి బతికారేమో అని ఇప్పుడనిపిస్తుంది. నీళ్ల కుండలో తెల్లారేసరికి మంచు పెచ్చు కట్టే రోజులు.

హైయెన్ పెరిగింది, పట్నంలో బస్‌స్టాండులో టికెట్ల కిటికీ దగ్గర ఉద్యోగం తెచ్చుకుంది, రైళ్లలో పనిచేసే కుర్రాణ్ణి పెళ్లాడింది. పిల్లలు ఎంతకూ కలగలేదు. పేయున్ మందులు మింగించింది, మొక్కులు మొక్కింది, ఒక దశలో నోరు మూసుకుని ఊరుకుంది. బావగారు పోయాక ఆమెకు మిగిలిన ఆశ అదొక్కటే. ఇక రాదనుకున్న వయసులో హైయెన్‌కు ఆడపిల్ల పుట్టింది. దౌదౌ అని పేరు, అంటే చిక్కుడుగింజ. నిజంగానే అంతే ఉండేది.

"ఈ పిల్లని నేనే పెంచుతా, చిటికెన వేలు కూడా చల్లబడనివ్వను," అని పేయున్ మూట కట్టింది. నన్నూ లాక్కుపోయింది. నెల రోజులకని వెళ్లాను గానీ నా మోకాళ్లకు పట్నం ఇంటి వేడి హాయిగా ఉండి కదల్లేకపోయాను. ఆ వేడి సంగతి చెప్పాలి. కిటికీ బయట మంచు వేలాడుతుంటుంది, లోపల గోడవారన వేడినీళ్ల గొట్టాలు కాగుతుంటాయి. మేమంతా పలుచటి బనీన్లలో తిరిగేవాళ్లం. అల్లుడు ఇంట్లో ఉన్నప్పుడు ఐస్‌క్రీమ్ తినేవాడు.

ఆ ఇంట్లో మూడు బొంతల కింద దౌదౌ!

మొదటి గొడవ ఊయల దగ్గరే వచ్చింది. అల్లుడు నాలుగు వైపులా ఊచలున్న చెక్క తొట్టి కొన్నాడు. పేయున్ దాన్ని చుట్టూ తిరిగి చూసింది.

"ఏం నేరం చేసిందని దీన్ని జైల్లో పెడుతున్నారయ్యా?"

"అత్తయ్యా, ఇప్పుడందరూ ఇదే కొంటున్నారు."

"దూలానికి వేలాడదియ్యొచ్చు కదా?"

"దూలమేదత్తయ్యా? పైన ఇంకోళ్ల వంటిల్లుంది."

సరే, తొట్టి ఉండనిచ్చింది. ఖాళీగా ఉండనిస్తుందా? ఊచల సందుల్లోంచి గాలి రాకుండా చుట్టూ దూది గోడలు కుట్టి రిబ్బన్లతో కట్టింది. పిల్ల తల వెనక చదునుగా రావాలని కొర్రలు పోసిన దిండు పెట్టింది. పక్కన దయ్యాలను తరిమే పులితల దిండు. దాని మీద నూరిళ్ల బొంత. అంటే మా వీధిలో ఇంటింటికీ తిరిగి ఒక్కో గుడ్డ పేలిక అడిగి తెచ్చి అతికినది. పేలికలడగడానికి నేనే తిరిగాను, ఆ చలిలో. దాని మీద దూది బొంత, గుండీ సహితంగా. తొట్టిలో పిల్లకు తప్ప అన్నిటికీ చోటుంది.

హైయెన్ తీసేసేది. పేయున్ పెట్టేది. ఇదే రోజూ పని.

"అమ్మా, కొర్రల దిండొద్దమ్మా. నా తల చూడు, గోడకి ఆనుకుంటే సందు లేకుండా అతుక్కుంటుంది."

"ఆ తలకే కదే అంత మంచి మొగుడొచ్చాడు!"

తల్లీ కూతుళ్లిద్దరిదీ ఒకటే రక్తం, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. నేను మధ్యలో కొర్ర గంజి కాచుకుంటూ, గుడ్లు ఉడకబెట్టుకుంటూ నా పనేదో నేను చూసుకునేదాన్ని.

దౌదౌకు టీకా వేయించడానికి వెళ్లిన రోజు హైయెన్ వచ్చి, పిల్లను తల్లి చేతికిచ్చి, బూట్లు కూడా విప్పకుండా నన్ను బాల్కనీలోకి లాగింది. అది అద్దాలు మూసిన చల్లటి చోటు, మా పులియబెట్టిన క్యాబేజీ జాడీ, గడ్డకట్టించిన కుడుములూ అక్కడే ఉండేవి. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పిన్నీ, అక్కడ నర్సమ్మ అందర్నీ కూర్చోబెట్టి చెప్పింది. తొట్టిలో గట్టి పరుపు, దాని మీద బిగుతుగా దుప్పటి, పిల్ల. ఇంకేమీ ఉండకూడదంట. దిండొద్దు, బొంతొద్దు, చుట్టూ ఆ మెత్తలొద్దు. వెల్లకిలా పడుకోబెట్టాలి, ముఖం మీద ఏదీ రాకూడదు. మనకెంత బట్టో దానికీ అంతే."

"అదేగా నువ్వు రోజూ అరిచేది. కొత్తేముంది?"

"అది కాదు పిన్నీ." గొంతు తగ్గించింది. "ప్రతి చలికాలం ఒక పిల్లైనా వస్తుందంట వాళ్ల దగ్గరికి. ఊళ్లనుంచి, ప్రయాణంలో చుట్టి తెస్తారంట. చలి తగలకూడదని ముఖం కూడా కప్పేస్తారు. లోపల గాలాడదు, ఒళ్లు కాగిపోతుంది. విప్పేసరికి జుట్టు తడిసి ముద్దై ఉంటుందంట. పిన్నీ, ఆవిరొస్తుందంట!"

క్యాబేజీ జాడీ మూత మీదే కూర్చుండిపోయాను.

లోపలి గదిలో పేయున్ మనవరాలికి ఏదో పాడుతోంది.

"అమ్మకి చెప్పాలి," అంది హైయెన్.

"నోర్ముయ్. ఈ వయసులో ఆ మాట చెవినేస్తే బతుకుతుందా అది? గాలి దూరిందన్న ఒక్క మాటకే ఇన్నేళ్లు కుళ్లి కుళ్లి ఏడ్చింది. ఇప్పుడిది కూడానా?"

"మరి దౌదౌ? వచ్చే నెల నేను పనిలోకి పోవాలి. పగలంతా పిల్ల అమ్మ చేతుల్లో ఉండాలి. కారణం చెప్పకుండా ఆవిడ మానుతుందా చెప్పు!"

మానదు. నాకు తెలుసు. అయినా చెప్పొద్దనే పట్టుబట్టాను. ఏదో ఒక సాకు చెప్పుకుందాం అన్నాను. ఇద్దరం కలిసి వెళ్లి, బొంతల వేడికి పిల్లకు పొక్కులొస్తున్నాయని అబద్ధమాడాం.

పేయున్ మమ్మల్ని ఎగాదిగా చూసింది. "పొక్కులకి ఎవరూ చావలేదు," అంది. "చలికి చచ్చారు."

హైయెన్‌కు ఇక ఓపిక పోయింది. "అమ్మా, విను. తొట్టిలో ఒక్క పేలిక కనబడినా నువ్వు ఊరికెళ్లిపోవాల్సిందే. మనిషిని పెట్టుకుంటాను."

ఆ దెబ్బ తగిలింది. పరాయి మనిషి చేతికి పిల్లనివ్వడమా? పేయున్ మూతి బిగించింది. ఒక్కొక్కటే తీసి మడిచి అలమరలో పెట్టింది. "నీ పిల్ల, నీ ఇష్టం," అంది. ఆ తర్వాత చాలా రోజులు మాట తప్పలేదు. కానీ పిల్ల పడుకున్నంతసేపూ ఆమె గదిలో ఉండలేకపోయేది. ఒంటరిగా బోసిగా పడుకున్న ఆ పిల్లను చూస్తే ఒళ్లు జలదరిస్తోందని, వంటింట్లోకి వచ్చి పనిలేని పని చేసేది.

హైయెన్ పనిలో చేరిన మొదటి వారమే అది జరిగింది. మధ్యాహ్నం గొట్టాలు చల్లబడిపోయాయి. పైన ఎక్కడో ఏదో పగిలిందట, బాగుచేస్తున్నామని మెట్ల మీద ఎవరో అరిచి చెప్పారు. ఇల్లు చల్లబడడం మొదలైంది. నేను కోటు తొడుక్కుని సోయా జున్ను తేవడానికి కిందికి వెళ్లాను. వెళ్లకుండా ఉండాల్సింది. అంగట్లో తెలిసినావిడ కనబడింది, మాటల్లో పడ్డాను.

తిరిగి వచ్చేసరికి మెట్ల దగ్గర హైయెన్ కలిసింది. మొదటి రోజులు కదా, మనసు పీకి ముందే వచ్చేసింది. తలుపు తీయగానే మొహానికి వేడి కొట్టింది. గొట్టాలు మళ్లీ వేడెక్కి ఎంతసేపయిందో. పేయున్ వంటింట్లో గంజి కలుపుతోంది.

హైయెన్ గదిలోకి పరిగెత్తింది. నేను వెనకే వెళ్లాను. తొట్టిలో దూది గోడలు, పులితల దిండు, నూరిళ్ల బొంత, దాని మీద దూది బొంత. గుండీ పెట్టి ఉంది.

తొందరలో హైయెన్‌కు ఆ గుండీ కాజాలోంచి రాలేదు. చివరికి పీకేసింది. లోపల దౌదౌ ఎర్రగా కందిపోయి ఉంది, జుట్టు నెత్తికి అతుక్కుపోయింది. పైకి ఎత్తితే తల వాలిపోయింది. ఒక్క క్షణం ఇంట్లో ఏ చప్పుడూ లేదు. తర్వాత పిల్ల నోరంతా తెరిచి గాలి పీల్చి గుక్కపెట్టి ఏడ్చింది. అంత చక్కటి ఏడుపు నా జన్మలో వినలేదు.

పేయున్ గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. పిల్లను చూసింది, ఆ తడి జుట్టు చూసింది. చెయ్యి చాపింది.

"ముట్టుకోకు!" హైయెన్ ఆ చెయ్యి విదిలించి కొట్టింది. "అక్కనీ ఇట్లాగే చంపారు! చలి కాదమ్మా, గాలీ కాదు. ఊపిరాడక, ఉడికిపోయి చచ్చింది! ఆవిరొచ్చింది ఆవిరొచ్చింది అని ఊరంతా చెప్తావే, ఆ ఆవిరెక్కడిదనుకున్నావు?"

నేను దాని నోరు మూయబోయాను గానీ అప్పటికే అయిపోయింది. అన్న మాట వెనక్కి రాదు. హైయెన్‌కే తెలిసింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పేయున్ ఏడవలేదు. పక్కనున్న పీట మీద కూర్చుంది. గరిటె నుంచి గంజి చుక్కలు ఆమె చెప్పు మీద పడుతున్నాయి. నేనే గరిటె తీసుకున్నాను.

"నువ్వు కాదక్కా," అన్నాను. "చుట్టింది అత్తగారు. నీ చేతుల్లో ఏముంది, పసిదానివి."

"చుట్టింది ఆవిడే," అంది పేయున్. "మూసింది నేను."

మా ఇద్దరి వైపూ చూడకుండా, ఆమె ఆ కథలో ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పని ముక్క చెప్పింది.

"మూలెత్తానా. నోరు తెరిచింది. చిన్న నోరు, పిచ్చుక పిల్లకి మల్లే. ఆకలనుకున్నాను. కాసేపు ఓర్చుకో తల్లీ, అమ్మమ్మ ఇల్లొచ్చేసింది, పాలిస్తాను అన్నాను. మీ నాన్న అరిచాడు. మూసేశాను."

హైయెన్ పిల్లతో సహా నేల మీద కూలబడి తల్లి మోకాళ్లు పట్టుకుంది. "అమ్మా, నేననకూడదమ్మా. నా నోరు పడిపోను."

"అనకపోతే రేపు మళ్లీ గుండీ పెట్టేదాన్నే," అంది పేయున్. కూతురి తల మీద చెయ్యి వేసింది. ఆ చదును తల వెనక భాగం నిమురుతూ చాలాసేపు కూర్చుంది.

మర్నాడు పొద్దున్న మూట కట్టుకుంది. ఆపబోతే నా చెయ్యి తోసేసింది. "నా చేతుల్ని నేనే నమ్మను, అదెట్లా నమ్ముతుంది? మనిషిని పెట్టుకోమను," అంది. హైయెన్ బస్‌స్టాండు కోటు తొడుక్కుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె తొట్టి ఉన్న గది వైపు చూసింది. ఆలోచించిందనే అనుకుంటాను. ఆలోచించకపోతే అది తల్లే కాదు. తర్వాత దౌదౌను తెచ్చి తల్లి చేతుల్లో పెట్టి, పనికి వెళ్లిపోయింది.

పేయున్ మూట కింద పెట్టింది. తొట్టి దగ్గరికి వెళ్లింది. రిబ్బన్ల ముడులు విప్పే ఓపిక లేక కత్తెరతో కత్తిరించి దూది గోడలు తీసేసింది. దిండ్లు తీసింది, బొంతలు తీసింది. పరుపును అరచేత్తో నొక్కి చూసింది, దుప్పటి ముడత లేకుండా లాగి నాలుగు మూలలూ పరుపు కింద దోపింది. పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి, పీట లాక్కుని పక్కనే కూర్చుంది. ఆ రోజు వంటింట్లోకి పారిపోలేదు.

నేను టీ తీసుకెళ్లి ఇస్తే తీసుకోలేదు. ఊచల సందుల్లోంచి చూస్తూ ఉంది.

"షూలింగ్, ఇటు రావే," అని నన్ను పిలిచింది. "ఇది నిద్రలో కనుబొమ్మలు ముడుస్తోంది. చూడు, మళ్లీ. అందరు పిల్లలూ ఇట్లా చేస్తారా?"

ఇంతమంది పిల్లలకు బొంతలు కుట్టి, కన్నకూతుర్ని పెంచి పెద్ద చేసి, ఆమెకు ఆ సంగతి తెలియదు.

"చేస్తారక్కా. హైయెన్ కూడా చేసే ఉంటుంది."

"చేసే ఉంటుంది," అంది. "నేను చూడలేదు."

వసంతంలో సమాధులు శుభ్రం చేసే పండక్కి ఇద్దరం ఊరికి వచ్చాం. బావగారి సమాధి మీద గడ్డి పీకి, పోయినవాళ్లకు అందుతాయని డబ్బు కాగితాలు కాల్చాం. తర్వాత ఆమె కొండవాలు వైపు తిరిగి నిలబడింది. ఎక్కడని వెతుకుతుంది? చెప్పాల్సిన మామగారు ఎప్పుడో పోయాడు. ఒక కాగితం చేతిలో మిగిలితే, దాన్ని ఎటు పెట్టి కాల్చాలో తెలియక మళ్లీ సంచిలో పెట్టుకుంది.

ఆ సాయంత్రమే కత్తెర తీసుకుని వీధిలోకి బయల్దేరింది. పసిపిల్లలున్న ప్రతి ఇంటికీ వెళ్లింది. తను కుట్టిన బొంత అడిగి తీసుకుని, గుండీ కత్తిరించి, పిల్ల ముఖం మీదా తల మీదా కప్పొద్దని, పడుకునేచోట పిల్ల తప్ప ఏమీ ఉంచొద్దని చెప్పింది. కొందరు విన్నారు. కొందరు, పట్నం వెళ్లొచ్చి ముసలామెకు మతి చెడిందని నా ముందే నవ్వారు. నేను ఊరుకుంటానా, తిట్టాల్సిన వాళ్లను తిట్టాను.

చివరికి కోళ్ల లియూ వాళ్ల గుమ్మం ముందు ఆగింది. పద ఇంటికి, ఇక్కడొద్దులే అన్నాను. వినలేదు. తలుపు కొట్టింది. అత్త తీసి, ఎవరో చూసి, మళ్లీ వేయబోయింది.

"పుంజు సంగతి తర్వాత మాట్లాడుకుందాం," అంది పేయున్. "నీ మనవడేడి?"

వాడు వేడి అరుగు మీద ఉన్నాడు, గుండీ పెట్టి ఉంది. పేయున్ పక్కన కూర్చుని ఆ గుండీ కత్తిరించి, మూల వెనక్కి మడిచింది. వాడు ముఖం ముడిచి, చిన్న నోరు తెరిచాడు. ఆ కోడలు పిల్ల భయపడి, "గాలి తగుల్తుంది పెద్దమ్మా, మీరే కదా చెప్పారు, మూల ఎత్తొద్దని!" అని మళ్లీ కప్పబోయింది.

పేయున్ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది.

"నేనొక్కసారి ఎత్తానమ్మా," అంది. "ఇంకాసేపు ఎత్తి ఉంచాల్సింది."